వెన్నునీటి దాకా చేరే మందు ఏది? పిల్లల మెనింజైటిస్‌లో యాంటీబయాటిక్ ఎంపిక

పద్నాలుగు నెలల పాప, తొమ్మిది కిలోల బరువు. మూడు రోజులుగా జ్వరం, పొద్దుటి నుంచి రెండుసార్లు ఫిట్స్. మాడు మీద వేలు పెడితే ఉబ్బెత్తుగా తగిలింది. నడుము దగ్గర సన్న సూదితో తీసిన వెన్నునీరు చిన్న సీసాలోకి ఒక్కొక్క చుక్కా పడుతోంది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ఈ నీరు మామూలుగా మంచినీళ్ళంత తేటగా ఉండాలి. ఆ రోజు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. తలుపు తీసుకుని నేను బయటికి రాగానే పాప వాళ్ళ నాన్న అన్న మొదటి మాట: "మేడమ్, ఉన్నవాటిల్లో బాగా పవర్ ఉన్న మందే వేయండి. ఖర్చు సంగతి చూడొద్దు."

పిల్లల వార్డులో ఇన్నేళ్ళుగా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కన్నవాళ్ళ మనసు అలాగే అడుగుతుంది, తప్పేమీ లేదు. కానీ మెనింజైటిస్‌లో, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలకు చీము పట్టే జబ్బులో, మందుకు ఎంత పవర్ ఉందన్నది రెండో ప్రశ్న. ఆ మందు రక్తంలోంచి వెన్నునీటిలోకి ఎంత చేరుతుంది, చేరినది ఎంతసేపు నిలుస్తుంది, ఈ వయసు బిడ్డ ఒంట్లో దాని నడక ఎలా ఉంటుంది అన్నవే ముందు చూసుకోవాలి. న్యుమోనియాను మూడు రోజుల్లో దించేసే ఖరీదైన ఇంజెక్షన్ ఇక్కడ చేతులెత్తేయవచ్చు. చవకైన పాత మందు గెలిపించవచ్చు. ఏ మందు ఎవరికి, ఎందుకు అన్నది అర్థమయ్యేలా చెప్పాలని ఇది రాస్తున్నాను. బిడ్డను ఐసీయూలో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చున్న అమ్మానాన్నలకు, రాత్రి డ్యూటీలో డోసు లెక్కలు వేసుకునే కొత్త డాక్టర్లకు ఇద్దరికీ పనికొస్తుంది.

కాలవ నిండా నీళ్ళున్నా తూము తెరుచుకోవాలి

కాలవ నిండుగా పారుతున్నా తూము మూసి ఉంటే మడి తడవదు. రక్తానికీ మెదడుకూ మధ్య అలాంటి కట్టడమే ఉంది. మిగతా ఒంట్లో సన్న రక్తనాళాల గోడల్లో సందులుంటాయి, మందు సులువుగా బయటికి వస్తుంది. మెదడులో ఆ గోడ కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. కొవ్వులో కరిగేవి, అణువు చిన్నగా ఉన్నవి, రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కోకుండా విడిగా తిరిగేవి లోపలికి పోతాయి. నీటిలో కరిగేవి, పెద్ద అణువులు బయటే ఆగిపోతాయి. ఆ పైన, పెన్సిలిన్ లాంటి మందులు కాస్త లోపలికి వెళ్ళినా వాటిని పట్టుకుని తిరిగి రక్తంలోకి తోసేసే పంపులు కూడా అక్కడున్నాయి.

చీము పట్టినప్పుడు జరిగేది విచిత్రమే. వాపు వల్ల కణాల మధ్య అతుకులు సడలుతాయి, బయటికి తోసే పంపులు మందగిస్తాయి. అంటే జబ్బే తూమును కొంత ఎత్తుతుంది. పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు మెనింజైటిస్‌లో పనిచేయగలగడం ఈ వాపు పుణ్యమే. ఇందులో ఇంకో సంగతి దాగి ఉంది. బిడ్డ కోలుకునేకొద్దీ వాపు తగ్గుతుంది, తూము మళ్ళీ దిగిపోతుంది. ఆరో రోజున పిల్ల నవ్వుతోంది కదా, డోసు తగ్గిద్దామా అనుకుంటే, అసలే తక్కువగా చేరుతున్న మందు ఇంకా తక్కువైపోతుంది. అందుకే చివరి రోజు దాకా మొదటి రోజు డోసే ఇస్తాం.

వెన్నునీటిలో బిడ్డ సొంత కాపలా కూడా బలహీనమే. రక్తంలో ఉన్నన్ని యాంటీబాడీలు అక్కడ ఉండవు. తెల్లకణాలు వచ్చినా బ్యాక్టీరియాను సరిగా పట్టలేవు. కాబట్టి ఎదుగుదలను ఆపి ఊరుకునే మందు చాలదు, చంపే మందే కావాలి. అది కూడా బొటాబొటిగా ఉంటే కుదరదు. బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన కనీస మోతాదుకు కనీసం పదింతలు వెన్నునీటిలో ఉంటేనే చీము త్వరగా శుభ్రమవుతుందని కుందేళ్ళ మీద చేసిన పరిశోధనల్లో తేలింది.

ఇక అంకెలు చూడండి. మెనింజైటిస్ ఉన్న పిల్లలకు సెఫలోస్పోరిన్ జాతికి చెందిన సెఫ్ట్రియాక్సోన్‌ను కిలోకు 50 మి.గ్రా. నరంలోకి ఇస్తే రక్తంలో అది లీటరుకు సగటున 216 మి.గ్రా. దాకా లేస్తుంది. మూడున్నర, నాలుగు గంటల తర్వాత వెన్నునీటిలో చూస్తే సగటున 5.6 మాత్రమే. అది సగటు. ఒక బిడ్డలో 1.3, ఇంకో బిడ్డలో 18.5. ఒకే మందు, ఒకే డోసు, ఒకే జబ్బు అయినా చేరినదానిలో పదింతలకు పైగా తేడా. ఈ ఒక్క వరుస చూశాక "పవర్" అనే మాటను నేను వాడటం మానేశాను.

ల్యాబ్ రిపోర్టు చదవడంలో కూడా ఈ తేడా కనబడుతుంది. న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో ఉంటే, సెఫ్ట్రియాక్సోన్ లీటరుకు 1 మి.గ్రా. దగ్గర దాని ఎదుగుదల ఆగినా "పనిచేస్తుంది" అని రాస్తారు. అదే బ్యాక్టీరియా వెన్నునీటిలో దొరికితే ఆ గీత 0.5 దగ్గరే. నరంలోకి ఇచ్చే పెన్సిలిన్ విషయంలో తేడా ఇంకా పెద్దది: న్యుమోనియాలో 2 దాకా సరే, మెనింజైటిస్‌లో 0.06 దాటితే 'రెసిస్టెంట్' కిందే లెక్క. బ్యాక్టీరియా మారలేదు, మందు చేరే దారి మారింది. అందుకే కల్చర్ (బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే ఉత్త "ఎస్" (లొంగుతుంది), "ఆర్" (లొంగదు) అక్షరాలు చూసి ఆగకండి. మెనింజైటిస్ గీత ప్రకారం చదివారా అని ల్యాబ్‌ను అడగాలి. పై లెక్కకు దీన్ని కలిపి చూడండి. సగటున చేరేది 5.6, గీత 0.5, అంటే సుమారు పదింతలు. ఆ గీత ఊరికే గీసింది కాదు.

సెఫ్ట్రియాక్సోనా, సెఫొటాక్సిమా?

నెల దాటిన పిల్లల్లో మొదటి మందు ఈ రెంటిలో ఒకటి. చంపగలిగే బ్యాక్టీరియాల జాబితా దాదాపు ఒక్కటే. ఒంట్లో నడిచే దారి మాత్రం వేరు.

సెఫ్ట్రియాక్సోన్ రక్తంలో 85 నుంచి 95 శాతం దాకా ప్రోటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. విడిగా ఉన్న కొద్ది భాగమే గోడ దాటుతుంది. కానీ అతుక్కున్న మందు నిల్వలా పనిచేస్తూ నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి మెనింజైటిస్ ఉన్న పిల్లల్లో దాని అర్ధాయువు నాలుగున్నర గంటల దాకా ఉంటుంది. అంటే రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి అంతసేపు పడుతుంది. వెన్నునీటిలో ఇంకా ఆలస్యంగా దిగుతుంది. ఈ జాతి మందులు ఎంత ఎత్తుకు లేచాయన్న దానికన్నా ఎంతసేపు గీత పైన నిలిచాయన్న దాన్ని బట్టే చంపుతాయి. అందుకే రోజుకు ఒకటి రెండు సార్లు ఇచ్చినా సరిపోతుంది. బయటికి పోయే దార్లు కూడా రెండు: మూత్రం, పైత్యం. కిడ్నీ కొంచెం దెబ్బతిన్నా డోసు పెద్దగా మార్చనక్కర్లేదు.

సెఫొటాక్సిమ్ ప్రోటీన్లకు తక్కువగా అతుక్కుంటుంది కాబట్టి విడి భాగం ఎక్కువ. లివర్‌లో విరిగాక వచ్చే ముక్క కూడా బ్యాక్టీరియాను చంపుతుంది. కానీ అర్ధాయువు గంట మాత్రమే. అందుకే ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి, రోజు మొత్తం మీద కిలోకు 200 నుంచి 300 మి.గ్రా. ఇవ్వాలి. రాత్రి రెండింటి డోసు నాలుగింటికి పడితే ఆ రెండు గంటలు వెన్నునీటిలో మందు పలచబడుతుంది. నర్సులు తక్కువ, మంచాలు ఎక్కువ ఉన్న వార్డులో ఇది చిన్న విషయం కాదు.

నా ఎంపిక చెబుతాను. మూడు నెలలు దాటిన బిడ్డకు సెఫ్ట్రియాక్సోనే. రోజుకు కిలోకు 100 మి.గ్రా., గరిష్ఠంగా 4 గ్రాములు. ఒకేసారి ఇవ్వవచ్చు, రెండుగా పంచవచ్చు, రెండూ ఒప్పుకున్న పద్ధతులే. మొదటి రోజుల్లో పన్నెండు గంటలకోసారి ఇవ్వడానికే నేను మొగ్గుతాను. రోజుకు ఒకే డోసు పెట్టుకుని అదే ఆలస్యమైతే దెబ్బ అంతా బిడ్డకే. మన పాపకు తొలి గంటలోనే పూర్తి 100 లెక్కన ఇచ్చాం. గ్రాము వయల్‌లో పది మి.లీ. నీళ్ళు కలిపి, గట్టిగా ఊపి, నురగ దిగేదాకా ఆగి, తొమ్మిది మి.లీ. లాగి అరగంటలో ఎక్కించాం. పన్నెండు గంటల తర్వాత నుంచి నాలుగున్నర మి.లీ. చొప్పున.

సెఫలోస్పోరిన్లన్నీ ఒకటే కదా అనేవాళ్ళకు ఒక పాత పోలిక చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో 106 మంది పిల్లల్లో సెఫ్ట్రియాక్సోన్‌ను సెఫురాక్సిమ్‌తో పోల్చిన ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచాక కూడా వెన్నునీటిలో బ్యాక్టీరియా బతికే ఉన్న పిల్లలు సెఫ్ట్రియాక్సోన్‌లో 2 శాతం, సెఫురాక్సిమ్‌లో 12 శాతం. వినికిడి దెబ్బతిన్నవాళ్ళు 4 శాతం, 17 శాతం. రెండు గుంపుల్లోనూ పిల్లలు బతికారు. తేడా చెవుల్లో తేలింది. ఒక రోజు ఆలస్యంగా శుభ్రమవడం అంటే పిల్లకు జీవితాంతం ఏమవుతుందో ఆ అంకెలు చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

నెల లోపు బిడ్డ లెక్క వేరు

పురిటి బిడ్డ ఒంట్లో మూడు వంతులు నీళ్ళే. నీటిలో కరిగే మందులు ఆ నీళ్ళలో పలచబడిపోతాయి, కాబట్టి కిలో లెక్కన ఒక్కో డోసు ఎక్కువ కావాలి. కిడ్నీలు ఇంకా పూర్తిగా పని అందుకోలేదు కాబట్టి మందు బయటికి నెమ్మదిగా పోతుంది, డోసుల మధ్య గడువు పెంచాలి. జెంటామైసిన్‌ను పసికందుకు ఒక్కోసారి 36 గంటలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో 48 గంటలకు కూడా ఇవ్వడం అందుకే. పుట్టిన వారంలో సెఫొటాక్సిమ్ పన్నెండు గంటలకోసారి సరిపోతే, వారం దాటాక ఎనిమిది గంటలకు మారుస్తాం. మధ్యలో కిడ్నీలు పని నేర్చుకున్నాయి మరి. ఏడాది, రెండేళ్ళు వచ్చేసరికి తిరగబడుతుంది. కిలో లెక్కన చూస్తే పెద్దవాళ్ళకన్నా పిల్లలే మందును వేగంగా ఊడ్చేస్తారు. పెద్దవాళ్ళ డోసును బరువును బట్టి చిన్నది చేసి ఇస్తే ఈ వయసులో తక్కువ పడుతుంది.

నెల లోపు బిడ్డకు సెఫ్ట్రియాక్సోన్ కాకుండా సెఫొటాక్సిమ్ ఎందుకు? కారణాలు రెండు. బిలిరుబిన్, అంటే కామెర్ల పసుపు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మీద కూర్చుని తిరుగుతుంది. సెఫ్ట్రియాక్సోన్ కూడా అదే కుర్చీ కోసం వస్తుంది. లేచిపోయిన బిలిరుబిన్ మెదడులోకి దిగితే కోలుకోలేని నష్టం. రెండోది కాల్షియం. సెఫ్ట్రియాక్సోన్, కాల్షియం రక్తంలో కలిస్తే గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో పేరుకుపోయి పసిబిడ్డలు చనిపోయిన సంఘటనలున్నాయి. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ సీసాలో కూడా కాల్షియం ఉంటుంది. నేను పీజీగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి, ఇరవై రోజుల బిడ్డకు ఆర్ఎల్ ఎక్కుతుండగానే అదే లైనులో సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వబోయాను. సిస్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సార్ వాళ్ళనడగండి మేడమ్, ముందు ఆ సీసా చూడండి" అంది. ఆ చెయ్యి నాకిప్పటికీ గుర్తు.

పసికందుల్లో సాధారణంగా మొదలుపెట్టేది ఆంపిసిలిన్, సెఫొటాక్సిమ్ కలిపి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా మీద సెఫలోస్పోరిన్లు పనిచేయవు, దాని కోసం ఆంపిసిలిన్. కానీ మన దేశంలో ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, ఉండగా వచ్చే మెనింజైటిస్‌కు క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి మొండి బ్యాక్టీరియాలే ఎక్కువ కారణమవుతున్నాయి. అక్కడ మొదటి రోజునే మెరోపెనెమ్ దాకా వెళ్ళాల్సి రావచ్చు. మీ యూనిట్‌లో గత ఏడాది కల్చర్లలో ఏవి పెరిగాయో తెలియకుండా ఈ నిర్ణయం చేయకూడదు.

జెంటామైసిన్, అమికాసిన్ గురించి ఒక మాట. రక్తంలో బాగా పనిచేస్తాయి, గోడ దాటడం మాత్రం చాలా కష్టం. డోసు పెంచుదామంటే కిడ్నీ, చెవి దెబ్బతింటాయి. అయితే నేరుగా మెదడు గదుల్లోకే ఇస్తే? ఆ పని చేసి చూశారు. 1980లో వచ్చిన ఫలితాల్లో, నరం ద్వారా మాత్రమే మందు తీసుకున్న పసికందుల్లో సుమారు 13 శాతం చనిపోతే, మెదడు గదుల్లోకి కూడా జెంటామైసిన్ ఎక్కించిన గుంపులో 43 శాతం చనిపోయారు. గోడ దాటించడం ఒక్కటే సరిపోదని, ఒక్కసారిగా చచ్చి పగిలిన బ్యాక్టీరియా నుంచి వచ్చే విషం వాపును ఎగదోస్తుందని అప్పటి నుంచీ జాగ్రత్తపడుతున్నాం. మెదడు గదుల్లోకి మందు ఇవ్వడం ఈనాటికీ ఆఖరి దారే. వేరే ఏ మందుకూ లొంగని బ్యాక్టీరియాకు, షంట్ (మెదడు గదుల్లో ఎక్కువైన నీటిని బయటికి పంపే గొట్టం) పెట్టిన పిల్లలకు మాత్రమే.

వాంకోమైసిన్ కలపాలా?

మళ్ళీ మన పాప దగ్గరికి వద్దాం. వెన్నునీటి స్లైడు మీద జంటలు జంటలుగా నీలిరంగు చుక్కలు కనిపించాయి, అంటే న్యుమోకాకస్ కావచ్చు. సెఫ్ట్రియాక్సోన్ కొందరిలో 1.3 మాత్రమే చేరుతుందని పైన చూశాం. ఈ బ్యాక్టీరియాకు 1 కావాల్సి వస్తే అది ఏ మూలకూ చాలదు. అందుకే కల్చర్ వచ్చేదాకా వాంకోమైసిన్ కలుపుతాం.

వాంకోమైసిన్ అణువు చాలా పెద్దది. సెఫ్ట్రియాక్సోన్‌కు దాదాపు రెండున్నర రెట్ల బరువు. వాపు లేని గోడను అది దాటలేదు. అందుకే డోసు మామూలుగా ఇచ్చే 40 కాదు, రోజుకు కిలోకు 60 మి.గ్రా., నాలుగు భాగాలుగా. పాపకు ఒక్కో డోసు 135 మి.గ్రా. అది 27 మి.లీ.లో పలచబరిచి సిరంజి పంపు మీద గంటసేపు. తొందరపడి పది నిమిషాల్లో తోసేస్తే ముఖం, మెడ ఎర్రగా కందిపోయి బీపీ పడిపోతుంది. రక్తంలో మందు స్థాయి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ ఉండాలి. ఒంటరిగా వాంకోమైసిన్ మీద ఆధారపడటం మాత్రం సరికాదు. అది సెఫ్ట్రియాక్సోన్‌కు తోడు మాత్రమే. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగుతుందని రిపోర్టు వచ్చిన రోజే ఆపేయాలి. మన పాపకు మూడో రోజు ఆపేశాం.

డెక్సామెథాసోన్ (డెక్సా) అనే స్టెరాయిడ్ సంగతి ఇక్కడే చెప్పాలి. మొదటి యాంటీబయాటిక్‌కు కాస్త ముందు గానీ దానితో పాటు గానీ ఇస్తే, ముఖ్యంగా హిబ్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెనింజైటిస్‌లో, చెవుడు తగ్గుతుంది. కానీ స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది, వాపు తగ్గితే తూము దిగుతుంది, ముందు దెబ్బతినేది వాంకోమైసినే. కుందేళ్ళలో ఇది స్పష్టంగా కనిపించింది. పిల్లల్లో మాత్రం రోజుకు కిలోకు 60 మి.గ్రా. పూర్తి డోసు ఇచ్చినప్పుడు డెక్సా ఉన్నా వెన్నునీటిలోకి మందు చేరిందని 1990లలో చూపించారు. స్టెరాయిడ్ ఇస్తూ వాంకోమైసిన్‌ను 40 దగ్గర ఆపడం అన్నిటికన్నా చెడ్డ కలయిక. నెల లోపు బిడ్డకు డెక్సా ఇవ్వం.

లినెజోలిడ్ గోడను చాలా సులువుగా దాటుతుంది, రక్తంలో ఉన్నదానిలో సగానికి పైగా వెన్నునీటిలో దొరుకుతుంది. మరి దాన్నే మొదట ఎందుకు వాడకూడదు? అది న్యుమోకాకస్‌ను చంపినా స్టాఫ్ (స్టెఫైలోకాకస్) లాంటి బ్యాక్టీరియాను ఎదగకుండా ఆపడమే ఎక్కువ. పైగా రెండు వారాలు దాటితే రక్తకణాలు పడిపోతాయి. వాంకోమైసిన్ పనిచేయని చోట, కిడ్నీ తట్టుకోలేని చోట దానికి చోటుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలు దీన్ని త్వరగా విరగగొట్టేస్తారు కాబట్టి వాళ్ళకు రోజుకు మూడుసార్లు ఇవ్వాలని గుర్తుంచుకోండి.

"పెద్ద మందులు"

మెరోపెనెమ్ ప్రోటీన్లకు దాదాపు అతుక్కోదు, గోడను దాటుతుంది, క్లెబ్సియెల్లా లాంటి మొండి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియాను చంపుతుంది. మెనింజైటిస్ డోసు మామూలు డోసుకు రెట్టింపు: ఎనిమిది గంటలకోసారి కిలోకు 40 మి.గ్రా. దాని అన్న ఇమిపెనెమ్‌ను మాత్రం ఈ జబ్బులో ముట్టుకోవద్దు. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో 21 మంది పిల్లలకు ఇస్తే ఏడుగురికి ఫిట్స్ వచ్చాయి, ప్రయోగం ఆపేశారు.

మెరోపెనెమ్‌కూ ఒక చిక్కుంది. ఫిట్స్ కోసం వాల్‌ప్రొయేట్ తీసుకుంటున్న బిడ్డకు దీన్ని మొదలుపెడితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో వాల్‌ప్రొయేట్ స్థాయి అడుగంటుతుంది. డోసు పెంచినా లేవదు. జబ్బు ముదిరి ఫిట్స్ వస్తున్నాయనుకుని స్కానింగ్‌కు పరుగెత్తుతారు, అసలు కారణం ఆ రెండు మందుల పొత్తు. వాల్‌ప్రొయేట్ మార్చి లెవెటిరాసెటమ్ అనే ఇంకో ఫిట్స్ మందు ఇస్తే సరిపోతుంది. ఇంట్లో ఏ ఫిట్స్ మందు వాడుతున్నారో ఆస్పత్రికి రాగానే డాక్టరుకు చెప్పండి. స్ట్రిప్పు గానీ సిరప్ సీసా గానీ వెంట తెస్తే ఇంకా మంచిది.

పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, సెఫోపెరజోన్-సల్‌బాక్టమ్ మన వార్డుల్లో రోజూ వాడే ఖరీదైన మందులు. చీము పట్టిన కడుపుకు, ఊపిరితిత్తులకు మంచివే. మెనింజైటిస్‌కు కాదు. టాజోబాక్టమ్ వెన్నునీటిలోకి సరిగా చేరదు, సెఫోపెరజోన్ చేరిక నమ్మదగ్గది కాదు. వేరే ఆస్పత్రి నుంచి ఇవి ఎక్కుతూ వచ్చిన బిడ్డకు "ఇప్పటికే పెద్ద మందు పడింది కదా" అని ధైర్యం తెచ్చుకోకండి. వెన్నునీటి వరకూ వస్తే ఆ బిడ్డకు వైద్యం ఇంకా మొదలే కాలేదన్నట్టు చూసుకోవాలి.

పాత మందుకూ ఒక రోజుంది

క్లోరాంఫెనికాల్ పేరు విని ఈ తరం డాక్టర్లు ఆశ్చర్యపోతారు. కొవ్వులో కరిగే చిన్న అణువు. వాపు ఉన్నా లేకపోయినా గోడ దాటిపోతుంది. చేరడం ఒక్కటే చూస్తే సెఫ్ట్రియాక్సోన్ దాని దరిదాపుల్లోకి రాదు. కానీ పసికందు లివర్ దాన్ని విరగ్గొట్టలేదు. ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి చనిపోయే 'గ్రే బేబీ' స్థితి 1959లోనే బయటపడింది. అరుదుగా ఎముక మజ్జ శాశ్వతంగా ఎండిపోతుంది. ఫిట్స్‌కు ఇచ్చే ఫినోబార్బిటోన్ దీని స్థాయిని దించేస్తుంది, ఇది ఫెనిటాయిన్ అనే మరో ఫిట్స్ మందు స్థాయిని పెంచేస్తుంది. పెన్సిలిన్ జాతి అంటే ప్రాణాంతకమైన ఎలర్జీ ఉన్న బిడ్డకు తప్ప నేను దీన్ని ఎంచుకోను.

ఆఫ్రికాలో మెనింజైటిస్ ఊళ్ళకు ఊళ్ళు చుట్టేసే ప్రాంతాల్లో మాత్రం నూనెలో కలిపిన క్లోరాంఫెనికాల్ ఒకే ఇంజెక్షన్ చాలాకాలం ఆదుకుంది. 2003లో నైజర్‌లో దాన్ని కండకు వేసిన ఒక్క సెఫ్ట్రియాక్సోన్ డోసుతో పోల్చారు, రెండూ సమానంగా పనిచేశాయి. అక్కడి శత్రువు మెనింగోకాకస్, చాలా కొద్ది మందుకే చచ్చే బ్యాక్టీరియా. అదే ఒక్క డోసును న్యుమోకాకస్ మీద నమ్ముకోలేం.

టీబీ మెనింజైటిస్

ఇది వేరే పోరాటం, నెలల తరబడి సాగేది. ఇక్కడ మందుల మధ్య చేరికలో ఉన్న తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ రక్తంలో ఎంత ఉంటే వెన్నునీటిలోనూ దాదాపు అంత ఉంటాయి. రిఫాంపిసిన్ పెద్ద అణువు, ప్రోటీన్లకు అతుక్కుంటుంది, చేరేది కొద్దిగానే. ఎథాంబ్యుటాల్ వాపు ఉన్నప్పుడు ఎంతో కొంత పోతుంది, వాపు తగ్గాక దాదాపు ఆగిపోతుంది. పైగా అది కంటిచూపును దెబ్బతీయవచ్చు, చిన్నపిల్లల్లో చూపు పరీక్షించడం కష్టం. ఎథియోనమైడ్ బాగా చేరుతుంది కానీ వాంతులు పెడుతుంది.

ఈ లెక్కల మీదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పిల్లలకు రెండో దారి ఇచ్చింది. పాతది పన్నెండు నెలల కోర్సు. కొత్తది ఆరు నెలలే, ఎథాంబ్యుటాల్ బదులు ఎథియోనమైడ్, రిఫాంపిసిన్ కిలోకు 22.5 నుంచి 30 మి.గ్రా. దాకా. తక్కువ చేరే మందును ఎక్కువ పోసి గోడ దాటించడమన్నమాట. ఏది ఎంచుకోవాలన్నది మందు అందుబాటును, బిడ్డ లివర్‌ను, ఆరు నెలలు వాంతులను ఓర్చి మందు మింగించగల ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఐసోనియాజిడ్‌ను కొందరి ఒళ్ళు నెమ్మదిగా, కొందరిది వేగంగా విరగ్గొడుతుంది, అది పుట్టుకతో వచ్చే తేడా. అందుకే ఒకే డోసు మీద ఒక బిడ్డకు లివర్ వాస్తే ఇంకో బిడ్డకు మందే చాలదు.

మిగిలిన ప్రశ్నలు

డ్రిప్పులో నెమ్మదిగా ఎక్కిస్తే మేలా, ఒక్కసారిగా ఇస్తే మేలా? సెఫొటాక్సిమ్ లాంటి మందు ఎప్పుడూ గీత పైనే ఉండాలి కాబట్టి నెమ్మదిగా ఇవ్వడమే గెలవాలి. అంగోలా రాజధాని లువాండాలో 723 మంది పిల్లల్లో పోల్చి 2011లో ఫలితం చెప్పారు. మరణాల్లో తేడా రాలేదు. పంపులు తక్కువ ఉన్న వార్డు దీని కోసం దిగులుపడనక్కర్లేదు.

ముందు వెన్నునీరు తీయాలా, ముందు మందు వేయాలా? మందు పడ్డాక మెనింగోకాకస్ రెండు గంటల్లోనే కల్చర్‌లో దొరక్కుండా పోవచ్చు, న్యుమోకాకస్ నాలుగు గంటల నుంచి. కాబట్టి వీలైతే ముందు సూది. కానీ బిడ్డ షాక్‌లో ఉంటే, లేదా పీహెచ్‌సీ నుంచి రెండు గంటల దూరంలో పెద్దాస్పత్రి ఉంటే, వీలైతే రక్తం కల్చర్‌కు తీసి అక్కడే సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చి అంబులెన్స్ ఎక్కించాలి. నరం దొరక్కపోతే తొడ కండకైనా సరే. ఏ మందు, ఎంత, ఎన్నింటికి అన్నది రిఫరల్ చీటీ మీద రాయడం మరవొద్దు.

ఎన్ని రోజులు? మెనింగోకాకస్‌కు అయిదు నుంచి ఏడు, హిబ్‌కు ఏడు నుంచి పది, న్యుమోకాకస్‌కు పది నుంచి పద్నాలుగు, పసికందుల్లో గ్రామ్-నెగటివ్ అయితే కనీసం మూడు వారాలు. అయిదో రోజుకు నిలకడగా ఉన్న, రెండు నెలలు దాటిన పిల్లల్లో అయిదు రోజుల సెఫ్ట్రియాక్సోన్ పది రోజులతో సమానంగా పనిచేసిందని బంగ్లాదేశ్, ఈజిప్ట్, మలావి, పాకిస్తాన్, వియత్నాంలలో దాదాపు వెయ్యి మంది మీద చూసి 2011లో చెప్పారు. మంచం దొరకని చోట ఇది ఊరట. నేను మాత్రం న్యుమోకాకస్ అని తేలితే పది రోజులకు తగ్గను.

పదో రోజు పాప వాళ్ళమ్మ అడిగింది, "చేతికి నరాలన్నీ అయిపోయాయి మేడమ్, మిగతావి ఇంటి దగ్గర సిరప్ పోస్తాం, రాసివ్వరా?" అని. క్యాన్యులా పెట్టిన చోటల్లా కమిలిన ఆ చిన్న చేతులు చూస్తే నాకూ ఇచ్చేయాలనిపించింది. సెఫిక్సిమ్ సిరప్ తాగితే పేగుల్లోంచి రక్తంలోకి వచ్చేదే సగానికి తక్కువ. అందులోంచి తగ్గిన వాపును దాటి వెన్నునీటిలోకి చేరేది లెక్కలోకి రాదు. నరం దొరకకపోతే సెఫ్ట్రియాక్సోన్ కండకు వేసినా రక్తంలోకి పూర్తిగా వస్తుందని చెప్పి, మిగతా నాలుగు రోజులు అలాగే ముగించాం.

ఇంటికి వెళ్ళేటప్పుడు రెండు చీటీలు ఇచ్చాను. ఒకటి మిగిలిన టీకాలది: పెంటావాలెంట్, న్యుమోకాకల్ రెండూ ప్రభుత్వ టీకా కార్యక్రమంలో ఉచితం, ఈ పాపకు తొమ్మిదో నెల న్యుమోకాకల్ డోసు పడలేదు. రెండోది నాలుగు వారాల్లోపు చేయించాల్సిన బెరా పరీక్షది. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న శబ్దం చేసి, మెదడు దాన్ని అందుకుందో లేదో తల మీద అంటించిన తీగలతో చూసే పరీక్ష అది. లోపల ఎముక గట్టిపడకముందే చెవుడు తెలిస్తే కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టడం సాధ్యమవుతుంది. ఆ తేదీని వాళ్ళ నాన్న ఫోన్‌లో నా ఎదురుగానే అలారం పెట్టించాను.